ఇంటి కరెంటుతో నడిచే చిన్న డీసీ పవర్ సప్లై: ఏ నిర్మాణాన్ని ఎంచుకోవాలి, కట్టాక ఎలా పరీక్షించాలి

గోడ సాకెట్‌లోని ఏసీని 12 వోల్టుల డీసీగా మార్చే మార్గాలు కొత్తవారు అనుకునేదానికన్నా ఎక్కువే ఉన్నాయి. వాటిని పోల్చేటప్పుడు సామర్థ్యం ఎంత, బరువు ఎంత, ఎన్ని భాగాలు పడతాయి అన్న ప్రశ్నలే సాధారణంగా ముందుకు వస్తాయి. వాటికన్నా ముందు మరొక ప్రశ్న వేసుకోవాలి: కట్టిన తరువాత అది సురక్షితంగానే ఉందనీ, అనుకున్న కరెంటును అనుకున్న వోల్టేజీ వద్ద ఇస్తోందనీ మన దగ్గరున్న మీటర్లతో మనం రుజువు చేసుకోగలమా? అలా రుజువు చేసుకోలేని నిర్మాణం కాగితం మీద ఎంత మెరుగ్గా కనిపించినా, దాన్ని మొదటి పవర్ సప్లైగా ఎంచుకోవద్దన్నదే నా సలహా.

పోలిక గాలిలో తేలిపోకుండా ఉండేందుకు ఒక లక్ష్యాన్ని స్థిరపరచుకుందాం. అవుట్‌పుట్ 12 వోల్టులు, 1 ఆంపియర్. ఇన్‌పుట్ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మెయిన్స్ (గోడ సాకెట్ కరెంటు) వోల్టేజీ 10 శాతం తగ్గినా, 10 శాతం పెరిగినా అవుట్‌పుట్ మారకూడదు. పరిసర ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకు ఉండవచ్చు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (మెయిన్స్ వైపు చుట్ట), ఫ్యూజు విలువలు మారతాయి. సెకండరీ (అవుట్‌పుట్ వైపు చుట్ట) తరువాతి లెక్క దాదాపు ఇదే.

మెయిన్స్ నుంచి విడిపోయే నాలుగు విధాలు

మొదటిది ట్రాన్స్‌ఫార్మర్ లేని కెపాసిటర్ డ్రాపర్. ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్ 50 హెర్ట్జ్ వద్ద దాదాపు 3,180 ఓముల అడ్డును చూపుతుంది కాబట్టి 230 వోల్టుల నుంచి దాని గుండా సుమారు 70 మిల్లీఆంపియర్లు మాత్రమే ప్రవహిస్తాయి. మన లక్ష్యమైన 1 ఆంపియర్‌కు ఇది ఎలాగూ సరిపోదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, దాని అవుట్‌పుట్‌కు మెయిన్స్‌తో నేరుగా విద్యుత్ సంబంధం ఉంటుంది. అవుట్‌పుట్ తీగల మధ్య మీటరు 12 వోల్టులే చూపినా, ఆ తీగల్లో ఏదైనా ఒకటి భూమితో పోలిస్తే 230 వోల్టుల వద్ద ఉండవచ్చు. చేయి తగలకుండా పూర్తిగా మూసి ఉంచే చిన్న పరికరాల లోపల దీనికి చోటుంది. బల్ల మీద వాడుకునే సప్లైగా దీన్ని పరిశీలించనే కూడదు.

రెండవది స్వయంగా కట్టుకునే ఎస్‌ఎంపీఎస్, అంటే కరెంటును అతివేగంగా తెంచుతూ కలుపుతూ వోల్టేజీని మార్చే స్విచింగ్ సప్లై. దాని సామర్థ్యం 80 నుంచి 90 శాతం వరకు ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ అరచేతిలో ఇమిడిపోతుంది, వేడి తక్కువ. అయితే 230 వోల్టుల ఏసీని నేరుగా రెక్టిఫై చేయడం (డీసీగా మార్చడం) వల్ల దాని ప్రైమరీ వైపు కెపాసిటర్ మీద సుమారు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది, ప్లగ్ తీసిన తరువాత కూడా కొంతసేపు అక్కడే ఉంటుంది. ఆ వైపు ఆసిలోస్కోప్ (వోల్టేజీ తరంగాన్ని గీసి చూపే పరికరం) పెట్టాలంటే మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ, ఎర్త్‌తో సంబంధం లేకుండా రెండు బిందువుల మధ్య కొలిచే డిఫరెన్షియల్ ప్రోబ్ గానీ ఉండాలి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ, సెకండరీ చుట్ల మధ్య ఉన్న ఇన్సులేషన్ నిజంగా తట్టుకుంటుందో లేదో తేల్చాలంటే వేల వోల్టులతో పరీక్ష చేయవలసి ఉంటుంది. ఇవేవీ లేనివారు కట్టిన ఎస్‌ఎంపీఎస్ పనిచేయవచ్చు, కానీ అది సురక్షితమని వారు చెప్పలేరు.

మూడవది 50 హెర్ట్జ్ ఇనుప కోరు ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫైయర్, కెపాసిటర్, లీనియర్ రెగ్యులేటర్ (మిగులు వోల్టేజీని వేడిగా పోగొట్టి అవుట్‌పుట్‌ను నిలకడగా ఉంచేది). ఇది బరువైనది, లోపలికి తీసుకున్న శక్తిలో సగానికి దగ్గరగా వేడిగా పోగొడుతుంది. అయినా ప్రతి దశను వేరుగా విడదీసి, ఒక సాధారణ మల్టీమీటర్‌తో కొలవగలం. ఇన్సులేషన్ బాధ్యతను ట్రాన్స్‌ఫార్మర్ తయారీదారు మోస్తాడు. మనకు మిగిలేది ప్రైమరీ వైపు నాలుగైదు కనెక్షన్లు మాత్రమే.

నాలుగవదాన్ని చాలామంది మరచిపోతారు. అది ఏసీ అవుట్‌పుట్ ఇచ్చే, పూర్తిగా మూసి ఉన్న అడాప్టర్. 15 వోల్టుల ఏసీని ఇచ్చే అడాప్టర్ దొరికితే రెక్టిఫైయర్ మొదలుకొని మిగతాదంతా మనమే కట్టుకోవచ్చు. నేర్చుకోవలసినది ఏదీ తగ్గదు, 230 వోల్టుల తీగ మాత్రం మన పెట్టెలోకి రాదు. మెయిన్స్ వైరింగ్‌లో అనుభవం లేనివారికి, పక్కన అనుభవజ్ఞులు లేనివారికి ఈ దారినే సిఫారసు చేస్తాను. డీసీ ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ అడాప్టర్ తరువాత లీనియర్ రెగ్యులేటర్ పెట్టడం కూడా మంచి ఏర్పాటే. అయితే ఎర్త్ పిన్ లేని అడాప్టర్లలో ప్రైమరీ నుంచి సెకండరీకి ఒక చిన్న వై తరగతి (భద్రతా రకం) కెపాసిటర్ ఉండటం మామూలు. దాని వల్ల తేలియాడే అవుట్‌పుట్ మీద వేలు పెడితే సన్నని చిమచిమ తెలుస్తుంది, సున్నితమైన ఆడియో పనిలో అదే గుర్రుమనే శబ్దంగా వినిపిస్తుంది.

ఇక ఇక్కడి నుంచి చర్చ మూడవ దారి మీదే నడుస్తుంది. నాలుగవదానికి కూడా రెక్టిఫైయర్ తరువాతి భాగమంతా వర్తిస్తుంది.

12, 15, 18: సెకండరీ వోల్టేజీ ఎంపికే అసలు నిర్ణయం

12 వోల్టుల అవుట్‌పుట్ కావాలంటే 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవడం అందరికీ తోచే ఆలోచనే. నేను కట్టిన మొదటి సప్లై కూడా అదే. చిన్న లోడుతో అది చక్కగా 12 వోల్టులు చూపింది. ఒక యాంప్లిఫైయర్‌ను తగిలించి ధ్వని పెంచిన వెంటనే స్పీకర్ నుంచి గుర్రుమనే శబ్దం మొదలైంది, నేనేమో రెండు రోజుల పాటు తప్పంతా యాంప్లిఫైయర్‌లోనే వెతికాను. తప్పు ఈ కింది కూడికలో ఉంది.

12 వోల్టుల ఆర్ఎంఎస్‌కు, అంటే ఏసీకి మామూలుగా చెప్పే విలువకు, శిఖర విలువ 17 వోల్టులు. నాలుగు డయోడ్‌ల రెక్టిఫైయర్ అయిన బ్రిడ్జ్‌లో ఒకేసారి రెండు డయోడ్‌లు వరుసలో ఉంటాయి, పూర్తి కరెంటు వద్ద రెండూ కలిసి సుమారు 2 వోల్టులు తింటాయి, మిగిలేది 15. కెపాసిటర్ రెండు శిఖరాల మధ్య ఖాళీ అవుతూ మరో 2 వోల్టులు దిగితే లోయ (తరంగపు అతి తక్కువ బిందువు) 13 వోల్టుల వద్ద ఉంటుంది. స్థిరంగా 12 వోల్టులిచ్చే 7812 రెగ్యులేటర్ పనిచేయాలంటే అవుట్‌పుట్‌కన్నా దాదాపు 2 వోల్టులు ఎక్కువగా, అంటే 14 వోల్టులు ఎల్లవేళలా ఇన్‌పుట్ వద్ద ఉండాలి. సెకనుకు 100 సార్లు ఆ లోయ 14 కిందికి జారుతుంటే అవుట్‌పుట్ కూడా అన్నిసార్లు కుంగుతుంది. సగటును చూపే మల్టీమీటర్‌కు ఆ కుంగుబాటు సరిగా కనబడదు, చెవికి మాత్రం వినబడుతుంది.

15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇదే లెక్క వేస్తే శిఖరం 21.2, డయోడ్‌ల తరువాత 19.2, లోయ 17.2 వస్తాయి. మెయిన్స్ 10 శాతం తగ్గినప్పుడు శిఖరం 19.1కి, డయోడ్‌ల తరువాత 17.1కి, లోయ 15.1కి చేరుతుంది. 14 కన్నా ఒక వోల్టు పైనే ఉన్నాం. 18 వోల్టులదైతే ఈ మిగులు ఇంకా పెరుగుతుంది గానీ ఆ మిగులంతా రెగ్యులేటర్ మీద వేడిగా మారుతుంది. మామూలు మెయిన్స్ వోల్టేజీ వద్దే 10 వాట్లు దాటిపోతుంది. కాబట్టి 12 వోల్టుల అవుట్‌పుట్‌కు 15 వోల్టుల సెకండరీయే సరైన ఎంపిక.

వోల్టేజీ కుదిరాక వీఏ (వోల్ట్-ఆంపియర్) రేటింగ్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ మోయగల భారం, చూడాలి. 15 వోల్టులను 1 ఆంపియర్‌తో గుణించి 15 వీఏ చాలుననుకోవడం రెండవ పొరపాటు. కెపాసిటర్ ముందున్న రెక్టిఫైయర్ కరెంటును నిలకడగా తీసుకోదు. ప్రతి శిఖరం దగ్గర కొన్ని మిల్లీసెకన్ల పాటు మాత్రమే పెద్ద గుక్కలుగా లాగుతుంది. అందువల్ల సెకండరీ చుట్టలో ఆర్ఎంఎస్ కరెంటు డీసీ కరెంటుకు 1.6 నుంచి 1.8 రెట్లు ఉంటుంది. 15ను 1.8తో గుణిస్తే 27. మార్కెట్‌లో దొరికే తరువాతి విలువ 30 వీఏ. 15 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ వెంటనే కాలిపోదు, మెల్లగా ఉడుకుతుంది. లోపం మొదటి గంటలో బయటపడకపోవడమే దానిలోని ప్రమాదం.

ఈఐ కోరుకూ (ఈ, ఐ ఆకారపు రేకుల పేర్పు) టొరాయిడ్‌కూ (ఉంగరం ఆకారపు కోరు) మధ్య ఈ పరిమాణంలో పెద్దగా తర్జనభర్జన అవసరం లేదు. టొరాయిడ్ చుట్టూ చెదిరే అయస్కాంత క్షేత్రం తక్కువ, స్విచ్ వేసినప్పుడు లాగే తొలి కరెంటు ఎక్కువ. ఆడియో, కొలత పరికరాలకు టొరాయిడ్, మిగతావాటికి ఈఐ అనుకుంటే చాలు.

రెక్టిఫైయర్: మూడింటిలో రెండింటి మధ్యే పోటీ

ఏసీ తరంగంలో సగాన్నే వాడుకునే హాఫ్ వేవ్‌ను పక్కన పెట్టేద్దాం. అది 20 మిల్లీసెకన్లకు ఒక్కసారే కెపాసిటర్‌ను నింపుతుంది, పైగా ట్రాన్స్‌ఫార్మర్ కోరులో డీసీ ప్రవాహాన్ని పుట్టించి దాన్ని వేడెక్కిస్తుంది. కొన్ని మిల్లీఆంపియర్ల పనులకు మించి దానికి స్థానం లేదు.

మధ్య ట్యాప్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో రెండు డయోడ్‌లా, ట్యాప్ లేనిదానితో నాలుగు డయోడ్‌ల బ్రిడ్జా అన్నదే మిగిలే ప్రశ్న. రెండు డయోడ్‌ల పద్ధతిలో దారిలో ఒక్క డయోడే ఉంటుంది కాబట్టి ఒక వోల్టు మిగులుతుంది. తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు కావలసినచోట, ఉదాహరణకు 5 వోల్టుల సప్లైలో, ఆ ఒక్క వోల్టు విలువైనది. అయితే ఏ క్షణాన చూసినా సెకండరీలో సగం చుట్టే పనిచేస్తుంది, వెనుదిరిగిన డయోడ్ మీద శిఖర వోల్టేజీకి రెట్టింపు పడుతుంది. మన 12 వోల్టులకు బ్రిడ్జే మేలు. 1ఎన్4007 డయోడ్‌కు సగటు కరెంటు పరిమితి 1 ఆంపియర్. బ్రిడ్జ్‌లో ఒక్కో డయోడ్‌కు సగటున అర ఆంపియరే వస్తుంది కాబట్టి అది చాలుతుంది, కానీ స్విచ్ వేసిన క్షణంలో ఖాళీ కెపాసిటర్ లాగే కరెంటును దృష్టిలో పెట్టుకుంటే 3 ఆంపియర్ల 1ఎన్5408 నిశ్చింతగా ఉంటుంది.

షాట్కీ డయోడ్‌లతో బ్రిడ్జ్ కడితే రెండింటి మీద పోయే వోల్టేజీ సగానికి తగ్గుతుంది. 1ఎన్5822 40 వోల్టుల వరకు తట్టుకుంటుంది కాబట్టి మన బ్రిడ్జ్‌లో దాన్ని వాడవచ్చు. ఇదే డయోడ్‌ను 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్‌తో రెండు డయోడ్‌ల పద్ధతిలో పెడితే లోడు లేక, మెయిన్స్ కూడా పెరిగినప్పుడు దాని మీద 50 వోల్టులు దాటి పడి చెడిపోతుంది. ఒక భాగం బాగుందా లేదా అన్నది అది కూర్చునే చోటును బట్టి తేలుతుందని చెప్పడానికి ఇంతకన్నా చిన్న ఉదాహరణ నాకు దొరకలేదు.

కెపాసిటర్ విలువ, కెపాసిటర్ వోల్టేజీ

పూర్తి తరంగ రెక్టిఫైయర్‌లో శిఖరాల మధ్య దూరం 10 మిల్లీసెకన్లు, 60 హెర్ట్జ్ అయితే 8.3 మిల్లీసెకన్లు. కరెంటును ఆ కాలంతో గుణించి కెపాసిటెన్స్‌తో భాగిస్తే రిపుల్ (శిఖరానికీ లోయకూ మధ్య వోల్టేజీ ఊగిసలాట) ఎంతో తెలుస్తుంది. 1 ఆంపియర్‌కు 2,200 మైక్రోఫారడ్‌లతో 4.5 వోల్టులు, 4,700తో 2.1 వోల్టులు, 10,000తో 1 వోల్టు వస్తాయి. నిజానికి కెపాసిటర్ 10 మిల్లీసెకన్లు నిండక ముందే మళ్ళీ నిండడం మొదలుపెడుతుంది కాబట్టి కొలిచినప్పుడు ఇంతకన్నా కొంత తక్కువే కనబడుతుంది. మరోవైపు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ అసలు విలువ రాసినదానికన్నా 20 శాతం తక్కువగా ఉండవచ్చు. 4,700 అని రాసి ఉన్నది 3,760 అయితే రిపుల్ 2.7 వోల్టులు, మెయిన్స్ తగ్గిన రోజున లోయ 14.4 వోల్టుల వద్ద ఆగుతుంది. మిగులు 0.4 వోల్టులే అయినా నిలబడుతుంది. 2,200తో నిలబడదు. 10,000తో మిగులు పెరుగుతుంది, దానితో పాటు డయోడ్‌ల మీద పడే కరెంటు గుక్కలు ఇంకా సన్నబడి పదునెక్కుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ వేడి పెరుగుతుంది. అందుకే 4,700 దగ్గర ఆగుతున్నాను.

వోల్టేజీ రేటింగ్ విషయంలో 25 వోల్టుల కెపాసిటర్ చాలునని చెప్పేవారు లోడు ఉన్నప్పటి 19 వోల్టులనే చూస్తున్నారు. లోడు లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తన రేటింగ్‌కన్నా 15 శాతం ఎక్కువ ఇవ్వడం వింతేమీ కాదు. దానికి తోడు మెయిన్స్ 10 శాతం పెరిగితే శిఖరం 26.8 వోల్టులకు, డయోడ్‌ల తరువాత 25.4కు చేరుతుంది. కాబట్టి 35 వోల్టుల కెపాసిటరే తీసుకోవాలి. 7812కు కూడా ఇన్‌పుట్ గరిష్ఠ పరిమితి 35 వోల్టులే గనుక ఆ వైపు కూడా మనం క్షేమంగానే ఉన్నాం. 85 డిగ్రీల రకానికీ 105 డిగ్రీల రకానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే రెండవదే తీసుకోండి. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఎలక్ట్రోలైటిక్ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది, హీట్ సింక్ పక్కనే కూర్చునే భాగానికి ఈ తేడా చిన్నది కాదు. కెపాసిటర్‌కు అడ్డంగా 2.2 కిలోఓముల అర వాటు రెసిస్టర్ పెడితే స్విచ్ తీసిన ఒక నిమిషంలో అది ఖాళీ అవుతుంది.

తీగలు వేసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్రిడ్జ్ నుంచి కెపాసిటర్‌కు వెళ్ళే రెండు తీగల్లో ఆ పెద్ద గుక్కలు పారుతుంటాయి. రెగ్యులేటర్ గ్రౌండ్‌ను ఆ తీగ మధ్య నుంచి తీసుకుంటే తీగ నిరోధం మీద పుట్టే వోల్టేజీ అవుట్‌పుట్‌లో కలిసి 100 హెర్ట్జ్ శబ్దంగా తేలుతుంది. గ్రౌండ్‌ను కెపాసిటర్ కాలు దగ్గర నుంచే తీసుకోవాలి. రెగ్యులేటర్‌నూ కెపాసిటర్‌నూ మార్చి మార్చి విసిగిపోయినవారు చాలాసార్లు ఈ ఒక్క తీగను మార్చి ఊరట పొందారు.

రెగ్యులేటర్: 7812, ఎల్‌ఎం317, బక్

తన మీద వోల్టేజీని స్థిరంగా నిలిపే జీనర్ డయోడ్ ఒక్కదానితో 1 ఆంపియర్‌ను నియంత్రించడం దండగ. లోడు లేనప్పుడు ఆ కరెంటంతా జీనరే మోయాలి. అసలు పోటీ మూడు కాళ్ళ రెగ్యులేటర్ల మధ్యనే.

స్థిరమైన 12 వోల్టులు చాలుననుకుంటే 7812 తీసుకోండి. దాని అవుట్‌పుట్ 11.5 నుంచి 12.5 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, అది లోపం కాదు. కరెంటు పరిమితి, అతిగా వేడెక్కితే ఆగిపోయే రక్షణ లోపలే ఉన్నాయి. రిపుల్‌ను కనీసం 55 డెసిబెళ్ళు అణచివేస్తుంది కాబట్టి ఇన్‌పుట్‌లోని 2 వోల్టుల రిపుల్ అవుట్‌పుట్‌కు వచ్చేసరికి 4 మిల్లీవోల్టుల లోపుకు చేరుతుంది.

వోల్టేజీని మార్చుకోవాలన్నా, కచ్చితమైన విలువకు సరిచేసుకోవాలన్నా ఎల్‌ఎం317 కావాలి. దాని అవుట్‌పుట్, అడ్జస్ట్ కాళ్ళ మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు నిలుస్తాయి. వాటి మధ్య 240 ఓములు, అడ్జస్ట్ నుంచి గ్రౌండ్‌కు సుమారు 2,060 ఓములు పెడితే 12 వోల్టులు వస్తాయి. ఇక్కడొక చిక్కుంది. తన పని తాను చేసుకోవడానికి ఈ ఐసీకి కొంత కనీస లోడు కావాలి, మామూలుగా 3.5 మిల్లీఆంపియర్లు చాలు గానీ చెత్త సందర్భంలో 10 వరకు కావచ్చు. 240 ఓములు ఇచ్చేది 5.2 మిల్లీఆంపియర్లే. లోడు తీసేసినప్పుడు అవుట్‌పుట్ మెల్లగా పైకి పాకుతుంటే కారణం ఇదే. 120 ఓములకు మారి, రెండవ రెసిస్టర్‌ను కూడా సగం చేస్తే సరిపోతుంది. అడ్జస్ట్ కాలికి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిపితే రిపుల్ అణచివేత సుమారు 80 డెసిబెళ్ళకు పెరుగుతుంది. ఒక హెచ్చరిక కూడా ఉంది: 12 వోల్టుల కోసం ఎంచిన ట్రాన్స్‌ఫార్మర్‌తోనే అవుట్‌పుట్‌ను 3 వోల్టులకు తగ్గించి 1 ఆంపియర్ లాగితే, మిగతా 15 వోల్టులూ, అంటే 15 వాట్లూ ఆ చిన్న ఐసీ మీదే పడతాయి. మార్చుకోగల సప్లై అన్ని వోల్టేజీల వద్దా ఒకే కరెంటును ఇవ్వలేదని ముందే ఒప్పుకొని, ఆ పరిమితిని పెట్టె మీద రాసుకోవడం మంచిది.

హీట్ సింక్ లెక్క తప్పనిసరి. మెయిన్స్ 10 శాతం ఎక్కువైనప్పుడు కెపాసిటర్ మీద సగటు సుమారు 20.3 వోల్టులు, రెగ్యులేటర్ మీద 8.3 వాట్లు. జంక్షన్ (ఐసీ లోపలి సిలికాన్ ముక్క) 125 డిగ్రీలు దాటకూడదు, పరిసరం 40. మధ్యనున్న 85 డిగ్రీలను 8.3తో భాగిస్తే వాటుకు 10.2 డిగ్రీలు. అందులో జంక్షన్ నుంచి లోహపు రేకుకు 5, మైకా (ఇన్సులేషన్ పొర), పేస్టులకు 1 పోగా, హీట్ సింక్ వాటుకు 4 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువదై ఉండాలి. హీట్ సింక్ లేకుండా అదే ఐసీకి వాటుకు 65 డిగ్రీలు, అంటే 1.3 వాట్లకే పరిమితి ముగుస్తుంది. బిగించేటప్పుడు 7812 లోహపు రేకు గ్రౌండ్‌కు, ఎల్‌ఎం317 రేకు అవుట్‌పుట్‌కు కలిసి ఉంటాయని గుర్తుంచుకోండి. మొదటిదాన్ని నేరుగా పెట్టెకు బిగించినా ఫరవాలేదు, రెండవదానికి మైకా లేకపోతే షార్ట్.

ఎల్‌ఎం2596 వంటి బక్ రెగ్యులేటర్ (స్విచింగ్ పద్ధతిలో వోల్టేజీని తగ్గించేది) ఈ వేడిని చాలావరకు తొలగిస్తుంది. అది 150 కిలోహెర్ట్జ్ వద్ద పనిచేస్తుంది, 3 ఆంపియర్ల వరకు ఇస్తుంది. మోటార్లకు, ఎల్ఈడీ పట్టీలకు, రిలేలకు నేను దీన్నే ఎంచుకుంటాను. దాని అవుట్‌పుట్‌లో మిగిలే పదుల మిల్లీవోల్టుల స్విచింగ్ రిపుల్‌ను కొలవడానికి మాత్రం మల్టీమీటర్ చాలదు, ఆసిలోస్కోప్ కావాలి. అది లేనివారు, రేడియో గానీ ఆడియో గానీ కొలత పని గానీ చేసేవారు లీనియర్ దగ్గరే ఉండడం మంచిది.

పరీక్ష: ప్లగ్ పెట్టక ముందు

ఫ్యూజు ఫేజ్ తీగలోనే ఉండాలి, అదీ స్విచ్ కన్నా ముందు. 30 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడులో 0.13 ఆంపియర్ తీసుకుంటుంది. స్విచ్ వేసిన క్షణపు ఉరవడిని తట్టుకోవడానికి 250 మిల్లీఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు తగినది. లోహపు పెట్టె అయితే ఎర్త్ తీగను దానికి విడిగా ఒక బోల్టుతో బిగించాలి. ప్లగ్ ఎర్త్ పిన్ నుంచి పెట్టె వరకు నిరోధం, మీటరు తీగల నిరోధాన్ని తీసివేశాక, ఒక ఓములో చిన్న భాగం మాత్రమే ఉండాలి. ఆ తరువాత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్‌ను అధిక వోల్టేజీతో పరీక్షించే మీటరు) ప్రైమరీకీ పెట్టెకూ, ప్రైమరీకీ సెకండరీకీ మధ్య కొలవాలి. మంచి ట్రాన్స్‌ఫార్మర్ 100 మెగాఓములకు పైనే చూపుతుంది. మామూలు మల్టీమీటర్ ఓము స్కేలు కొన్ని వోల్టులతో మాత్రమే పరీక్షిస్తుంది కాబట్టి అది అనంతం చూపినంత మాత్రాన ఇన్సులేషన్ బాగున్నట్టు కాదు. మెగ్గర్ లేకపోతే ఏసీ అడాప్టర్ దారికి మళ్ళండి.

ప్లగ్ పెట్టాక: ఒక్కో దశ

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఫేజ్ తీగకు వరుసలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బును కలపండి. క్షణకాలం వెలిగి మసకబారితే అంతా సవ్యంగా ఉంది, నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. వేరియాక్‌తో (ఏసీ వోల్టేజీని మార్చుకోగల ట్రాన్స్‌ఫార్మర్) మెల్లగా పెంచడం కూడా మంచి పద్ధతే గానీ, వేరియాక్ మెయిన్స్ నుంచి వేరు చేయదని మరవకూడదు. దాని అవుట్‌పుట్ తీగను ముట్టుకోవడం సాకెట్‌ను ముట్టుకోవడమే. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (భూమికి కరెంటు లీకైతే సప్లైని తెంచే స్విచ్) ఉండడం మేలు, అయితే ఒక చేయి ఫేజ్‌కు, మరొక చేయి న్యూట్రల్‌కు తగిలితే అది తేడాను గుర్తించదు, పడిపోదు.

ముందుగా సెకండరీ ఒక్కదాన్నే కొలవండి. తరువాత బ్రిడ్జ్, కెపాసిటర్ కలిపి, రెగ్యులేటర్ లేకుండా కొలవండి. లోడు లేనప్పుడు 22 నుంచి 25 వోల్టులు రావాలి. ఆ పైన రెగ్యులేటర్, దాని ఇన్‌పుట్ దగ్గర 0.33, అవుట్‌పుట్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. ఇవి కాళ్ళకు ఆనుకొని లేకపోతే రెగ్యులేటర్ ఆసిలేట్ కావచ్చు (దానంతటదే ఊగిసలాడవచ్చు), మీటరు అర్థంకాని వోల్టేజీని చూపవచ్చు.

లోడుగా ఏమి వాడాలన్నది మరొక ఎంపిక. 12 ఓముల తీగచుట్టు రెసిస్టర్ అన్నింటికన్నా నమ్మకమైనది. 12 వాట్లు దానిలో వేడిగా మారతాయి కనుక 25 వాట్ల రేటింగ్ ఉన్నది తీసుకొని, బల్లకు ఆనకుండా ఎత్తులో ఉంచండి. వాహనపు 12 వోల్టుల బల్బు చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం వెలిగినప్పటి నిరోధంలో పదో వంతు మాత్రమే ఉంటుంది. ఆరంభంలోనే అది కరెంటు పరిమితిని తాకి, బాగున్న సప్లై కూడా చెడిపోయినట్టు భ్రమ కలిగిస్తుంది. ఎలక్ట్రానిక్ లోడు సౌకర్యవంతమైనది, కరెంటును మెట్లు మెట్లుగా మార్చవచ్చు. చేతిలో ఉంటే వదులుకోవద్దు, లేదని దిగులుపడవద్దు.

పూర్తి లోడుతో చూడవలసిన అతి ముఖ్యమైన విలువ అవుట్‌పుట్ కాదు, రెగ్యులేటర్ ఇన్‌పుట్ వద్ద లోయ. పైన వేసిన లెక్క ట్రాన్స్‌ఫార్మర్ శిఖరాన్ని సైన్ తరంగంగా భావించింది. నిజంలో కరెంటు గుక్కల వల్ల ఆ శిఖరం చదునుగా అణిగి, లెక్కకన్నా ఒక వోల్టు తక్కువగా కనబడవచ్చు. మిగిలిన 0.4 వోల్టును అది మింగేస్తే షాట్కీ బ్రిడ్జ్‌కు మారాలి, లేదా కెపాసిటర్ పెంచాలి. ఆసిలోస్కోప్ ఉంటే లోయ నేరుగా కనిపిస్తుంది. లేకపోతే మల్టీమీటర్‌తోనే దగ్గరి అంచనాకు రావచ్చు: డీసీ స్కేలులో సగటును, ఏసీ స్కేలులో రిపుల్‌ను చదవండి. 2 వోల్టుల రంపపు తరంగాన్ని మీటరు సుమారు 0.55గా చూపుతుంది, కాబట్టి చదివినదాన్ని 3.6తో గుణించి, అందులో సగాన్ని సగటు నుంచి తీసివేస్తే లోయ దాదాపు తెలుస్తుంది. డీసీ మీద ఏసీ స్కేలు పెడితే కొన్ని చవక మీటర్లు తప్పు చెబుతాయి. బ్యాటరీ మీద పెట్టి, సున్నా చూపుతోందో లేదో ముందే సరిచూసుకోవాలి.

ఆసిలోస్కోప్ వాడేవారు దాని గ్రౌండ్ క్లిప్ ఎర్త్‌కు కలిసి ఉంటుందన్న సంగతిని ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. అవుట్‌పుట్ నెగటివ్ ఎర్త్‌కు కలిసి ఉన్నప్పుడు, ఆ క్లిప్‌ను బ్రిడ్జ్ ఏసీ వైపు పెడితే ఒక డయోడ్ గుండా సెకండరీ షార్ట్ అవుతుంది. ప్రైమరీ వైపు పెడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అవుట్‌పుట్‌లోని మిల్లీవోల్టుల రిపుల్‌ను చూసేటప్పుడు పొడవాటి క్లిప్ తీగ చుట్టుపక్కల శబ్దాన్నంతా పోగుచేసుకుంటుంది కాబట్టి ప్రోబ్‌తో వచ్చే చిన్న స్ప్రింగ్ గ్రౌండ్‌ను, ఆసిలోస్కోప్‌లోని 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ పరిమితిని వాడండి.

లోడు లేనప్పటి, పూర్తి లోడు ఉన్నప్పటి అవుట్‌పుట్ వోల్టేజీలను టెర్మినళ్ళ దగ్గరే కొలవాలి. లోడు తీగ చివర కొలిస్తే 50 మిల్లీఓముల తీగ నిరోధమే 1 ఆంపియర్ వద్ద 50 మిల్లీవోల్టులు తినేసి, ఆ నిందను రెగ్యులేటర్ మీద వేస్తుంది. వేరియాక్ ఉంటే 207 నుంచి 253 వోల్టుల వరకు మార్చి అవుట్‌పుట్ కదలడం లేదని చూడండి. తక్కువ చివరలో లోయను, ఎక్కువ చివరలో వేడిని మళ్ళీ కొలవండి.

వేడి పరీక్షకు కనీసం ఒక గంట పూర్తి లోడు ఇవ్వాలి, పెట్టె మూత వేసే ఉంచాలి. థర్మోకపుల్‌ను (ఉష్ణోగ్రతను కొలిచే తీగ) రెగ్యులేటర్ లోహపు రేకుకు ఆనించి చదివినదానికి, వాటుకు 5 డిగ్రీల చొప్పున కలిపితే జంక్షన్ ఉష్ణోగ్రత వస్తుంది. రేకు 80 డిగ్రీలు, రెగ్యులేటర్ మీద 6.2 వాట్లు అయితే జంక్షన్ 111. గది 25 డిగ్రీలుగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేసి ఉంటే, 40 డిగ్రీల రోజు కోసం మరో 15 కలపాలి. 126 వస్తుంది, అంటే మన 125 హద్దును దాటిపోతుంది. ఆ హీట్ సింక్‌ను మార్చవలసిందే. చివరగా అవుట్‌పుట్‌ను రెండు మూడు సెకన్ల పాటు షార్ట్ చేసి వదలండి. వోల్టేజీ తనంత తానే 12కు తిరిగి రావాలి, ప్రైమరీ ఫ్యూజు నిలిచి ఉండాలి.